‘వెల్ డన్’ అనేది ఎవరిని? ‘థాంక్యూ’ చెప్పేది ఎవరికి?



మీ కళాశాల వార్షికోత్సవం జరుగుతోందనుకోండి. ముఖ్య అతిథిగా వచ్చిన ఆచార్యులు గంటసేపు చక్కగా మాట్లాడి కూర్చున్నారు. మిగిలింది వందన సమర్పణ. ఆ బాధ్యత మీకు అప్పగించారు. మీరు మైకు ముందుకు వచ్చి, ‘సర్, యువర్ స్పీచ్ వాజ్ వెరీ గుడ్. వెల్ డన్. ఐ అప్రీషియేట్ యూ’ అన్నారు. వ్యాకరణ దోషాలు వెతికితే చెప్పుకోదగ్గవి దొరకవు. ఉచ్చారణ కూడా బాగానే ఉంది. అయినా మీ ఇంగ్లీషు లెక్చరరుగారు తల దించుకున్నారు. ముందు వరసలో ఒకరిద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. తప్పు ఎక్కడ జరిగింది?

ఇదే సంగతి తెలుగులో జరిగి ఉంటే మీకు వెంటనే తెలిసిపోయేది. డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఉపన్యాసం ముగించి దిగి వస్తే, ఎదురు వెళ్ళి ‘శభాష్!’ అని మనం అనం. ‘చాలా బాగా చెప్పారండీ’ అంటాం. ‘మీవల్ల ఎన్నో సంగతులు తెలుసుకున్నామండీ’ అంటాం. శభాష్ అన్నది పైనుంచి కిందికి వచ్చే మాట. గురువు శిష్యుణ్ణి అంటాడు, తాత మనవణ్ణి అంటాడు, ఆట నేర్పేవాడు ఆడే కుర్రాణ్ణి అంటాడు. పారశీక భాషలోని ‘షాద్ బాష్’ అనే మాట నుంచి వచ్చింది అది. ‘సంతోషంగా ఉండు’ అని దాని అర్థం. అంటే మొదట్లో అదొక దీవెన. దీవించేది పెద్దవాళ్ళే కదా.

ఇంగ్లీషులో ‘వెల్ డన్’ కూడా ఈ జాతి మాటే. ‘నీకు అప్పగించిన పని నువ్వు సరిగా చేశావు, ఆ సంగతి చూసి చెప్పే అధికారం నాకుంది’ అనే ధ్వని అందులో ఉంది. ‘గుడ్ జాబ్’, ‘గుడ్ వర్క్’, ‘కీప్ ఇట్ అప్’ అన్నవీ అంతే. టీచరు మీ నోటుపుస్తకం చివర ‘గుడ్’ అని రాస్తారు. మీరు టీచరుగారి పాఠ్యప్రణాళిక చివర ‘గుడ్’ అని రాయరు. సమవయస్కులైన మిత్రులు ఒకరినొకరు ‘వెల్ డన్’ అనుకోవడంలో తప్పేమీ లేదు. పోటీలో గెలిచిన మీ తమ్ముణ్ణి నిక్షేపంగా అనవచ్చు. వయసులోనో విద్యలోనో హోదాలోనో మీకంటే పెద్దవారిని మాత్రం అనకూడదు.

ఈ పాఠానికి మూలసూత్రం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిలిచి చూద్దాం. మెచ్చుకున్నప్పుడు మనం అవతలివారి పనికి విలువ కడతాం. కృతజ్ఞత చెప్పినప్పుడు ఆ పనివల్ల మనకు కలిగిన మేలును ఒప్పుకుంటాం. మొదటిదానిలో మనం పరీక్షకుల స్థానంలో ఉంటాం. రెండోదానిలో పుచ్చుకున్నవారి స్థానంలో ఉంటాం. ఇంగ్లీషులో దాదాపు ఒకే అర్థం ఉన్నట్లు కనిపించే మాటల మధ్య ఎంపిక చేసుకోవలసి వచ్చినప్పుడు, నిఘంటువు తెరవడానికి ముందు, మనం ఈ రెండింట్లో ఏ స్థానంలో ఉన్నామో చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ముఖ్య అతిథి విషయానికే వద్దాం. ఆయనకు చెప్పవలసింది: ‘థాంక్యూ, సర్, ఫర్ సచ్ ఎ వండర్‌ఫుల్ టాక్. వి లర్న్ట్ ఎ గ్రేట్ డీల్ ఫ్రమ్ యూ.’ లేదా, ‘వి ఎంజాయ్డ్ యువర్ టాక్ వెరీ మచ్.’ ఈ వాక్యాలను పైకి చదవండి. వీటిలో ప్రశంస లేకపోలేదు. ‘వండర్‌ఫుల్’ అనే విశేషణం ఉండనే ఉంది. కానీ వాక్యం నడుస్తున్నది ‘మేము’ అనే కర్తతో. మేము ఆనందించాం, మేము నేర్చుకున్నాం అంటున్నాం తప్ప మీరు బాగా చేశారని తీర్పు చెప్పడం లేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ‘వోట్ ఆఫ్ థాంక్స్’ అనే మాట గురించి కూడా చెప్పుకుందాం. వందన సమర్పణలో ‘వోటు’ ఎందుకుంది? ఆ మాట చెప్పేవారు నిజానికి సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నారు: మనమందరం వీరికి కృతజ్ఞతలు చెబుదాం అని. సభ చప్పట్లు కొట్టి ఆమోదిస్తుంది. అందుకే సంప్రదాయమైన ఇంగ్లీషులో ‘ఐ ప్రపోజ్ ఎ వోట్ ఆఫ్ థాంక్స్’ అంటారు. మన దేశంలో ‘డెలివర్’, ‘గివ్’ అనే క్రియలు కూడా వాడుకలో ఉన్నాయి గాని, పాత క్రియలోనే అసలు సంగతి దాగి ఉంది.

పార్లమెంటులో ఈ రెండు భావాలూ ఎంత చిత్రంగా కలుస్తాయో చూడండి. రాజ్యాంగం 87వ అధికరణం ప్రకారం ప్రతి ఏడాదీ మొదటి సమావేశంలో రాష్ట్రపతి ఉభయ సభలనూ ఉద్దేశించి ప్రసంగిస్తారు. తరువాత సభలు చర్చించేది ‘మోషన్ ఆఫ్ థాంక్స్’, అంటే ధన్యవాద తీర్మానం. పేరుకు అది కృతజ్ఞత. కానీ ఆ ప్రసంగంలో ఉండేది ప్రభుత్వ విధానం కాబట్టి, తీర్మానం నెగ్గడమంటే ఆ విధానాన్ని సభ ఆమోదించడమే. లోక్‌సభలో అది ఓడిపోతే ప్రభుత్వం ఓడినట్లే లెక్క. 2015 మార్చిలో రాజ్యసభలో సీతారాం ఏచూరి ప్రతిపాదించిన సవరణ ఓటింగులో నెగ్గింది. రాజ్యసభలో జరిగింది కాబట్టి ప్రభుత్వానికి ముప్పు రాలేదు గాని, ఇబ్బంది మాత్రం తప్పలేదు. ఉత్త ‘థాంక్యూ’యే అయితే దానికి సవరణ ఏమిటి, ఓటింగు ఏమిటి? మాట కృతజ్ఞతది, పని ఆమోదానిది.

మన భాషలో మాత్రం ఈ కలయిక లేదా? ఉంది. ‘కృతజ్ఞత’ అన్న మాటలో ‘కృతం’ అంటే చేసినది, ‘జ్ఞ’ అంటే తెలిసినవాడు. తనకు చేసిన మేలు తెలిసినవాడు కృతజ్ఞుడు. ఇది శుద్ధంగా పుచ్చుకున్నవారి మాట. ‘ధన్యవాదం’ అలా కాదు. ‘ధన్యుడవు’ అని పలకడం ధన్యవాదం. సంస్కృతంలో దానికి పొగడ్త అనే అర్థం కూడా ఉంది. మెచ్చుకోలుగా ఉన్న మాట కృతజ్ఞతకు మారిందన్నమాట. కాబట్టి ఇంగ్లీషులో ఒకే మాట రెండు పనులూ చేస్తుంటే మనం ఆశ్చర్యపోనక్కరలేదు.

అలాంటి మాటల్లో పెద్దది ‘అప్రీషియేట్’. మన విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేదీ అదే.

ఈ మాటకు మూలం లాటిన్ భాషలో ధర అనే అర్థం గల ‘ప్రెటియుమ్’. ‘ప్రైస్’, ‘ప్రెషస్’ అనే మాటలు దాని చుట్టాలే. ధర కట్టడం అన్నది ‘అప్రీషియేట్’కు తొలి అర్థం. వాణిజ్యశాస్త్రం చదివేవారికి ఈ సంగతి సులువుగా అందుతుంది. డాలరుతో పోలిస్తే రూపాయి విలువ పెరిగినప్పుడు ‘ది రుపీ హాజ్ అప్రీషియేటెడ్’ అంటారు. అక్కడ రూపాయిని ఎవరూ పొగడటం లేదు, దాని ధర పెరిగింది, అంతే. ధర కట్టడం నుంచి విలువ గుర్తించడం వచ్చింది. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే ‘ఫిల్మ్ అప్రీషియేషన్’ కోర్సు పేరు మీరు వినే ఉంటారు. అది సినిమాలను పొగడటం నేర్పే కోర్సు కాదు. ఒక సినిమాలో విలువ ఎక్కడుందో, ఎక్కడ లేదో పోల్చుకోవడం నేర్పే కోర్సు. అది చదివినవారు ఒక సినిమా బాగా లేదని చెప్పినా, అదీ అప్రీషియేషనే.

విలువ గుర్తించడం నుంచి మూడో మెట్టు కృతజ్ఞత. ‘ఐ అప్రీషియేట్ యువర్ హెల్ప్’ అంటే, మీ సాయం విలువ నాకు తెలుసు, అందుకు కృతజ్ఞుణ్ణి అని. ఇది మర్యాదైన వాక్యం. పెద్దలతోనూ అనవచ్చు. మరి ‘ఐ అప్రీషియేట్ యూ’ అంటే ఎందుకు తేడా వచ్చింది? సంప్రదాయమైన ఇంగ్లీషులో ఈ క్రియకు కర్మగా ఉండేది మనిషి కాదు; ఆ మనిషి చేసిన సాయం, చూపిన శ్రద్ధ, ఇచ్చిన సమయం. సాయానికి విలువ కట్టవచ్చు. మనిషికే ధర కట్టినట్లుంటే చెవికి ఇంపుగా ఉండదు. ఈ మధ్య అమెరికాలో మిత్రుల మధ్య ‘ఐ అప్రీషియేట్ యూ’ అనడం బాగానే వినిపిస్తోంది. అది దగ్గరివాళ్ళ మధ్య ఆప్యాయత. దాన్ని తెచ్చి పరీక్షాధికారికి రాసే ఉత్తరంలో పెట్టవద్దు.

ఈ క్రియతో ఇంకో చిన్న చిక్కుంది. ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇఫ్ యు సెండ్ మి ది ఫారం’ అని చాలామంది రాస్తారు. ఇక్కడ ఒక ‘ఇట్’ లోపించింది. ఈ అర్థంలో ‘అప్రీషియేట్’ సకర్మక క్రియ. కర్మ లేకుండా నిలబడదు. ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యు కుడ్ సెండ్ మి ది ఫారం’ అని రాయాలి. రెండక్షరాల మాటే గాని, అది లేకపోతే వాక్యం కుంటుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన వాడుక ఒకటుంది. విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టిన విద్యార్థికి ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యం: ‘వి అప్రీషియేట్ యువర్ ఇంటరెస్ట్ ఇన్ అవర్ ప్రోగ్రామ్.’ మన అభ్యర్థి మొహం వెలిగిపోయింది. ‘నన్ను అప్రీషియేట్ చేశారు’ అని ఇంట్లోవాళ్ళకు చెప్పేశాడు. రెండో వాక్యం ‘హవెవర్’తో మొదలైంది. అలాగే ఫీజు గడువు పెంచమని మీరు అడిగితే, ‘ఐ అప్రీషియేట్ యువర్ డిఫికల్టీ, బట్...’ అని జవాబు రావచ్చు. ఇక్కడ మెప్పూ లేదు, కృతజ్ఞతా లేదు. ‘మీ ఇబ్బంది నాకు అర్థమైంది’ అని మాత్రమే. ఆ తరువాత వచ్చేది సాధారణంగా తిరస్కారం. ఇంగ్లీషులో కాదనదలచుకున్నవారు ముందుగా ఒక మెత్తటి మాట పరుస్తారు. ఆ మాట తరచుగా ‘అప్రీషియేట్’. అది కనిపించగానే సంతోషించకుండా ‘బట్’ కోసమో ‘హవెవర్’ కోసమో చూడండి. రాకపోతే అప్పుడు సంతోషించవచ్చు.

మెప్పు కొలతలో కూడా ఇలాంటి పొరపాటు జరుగుతుంది. బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలకు ప్రాజెక్టు మీద ‘క్వైట్ గుడ్’ అని రాసి వస్తుంది. అమెరికా ఇంగ్లీషులో ‘క్వైట్’ అంటే ‘చాలా’. బ్రిటిష్ వాడుకలో ‘క్వైట్ గుడ్’ చాలాసార్లు ‘ఫరవాలేదు’ దగ్గరే ఆగిపోతుంది. దీనికి తలకిందులుగా, ‘నాట్ బ్యాడ్’ అన్నారని మీరు చిన్నబుచ్చుకుంటారు. అది మితభాషి అయిన ఆంగ్లేయుడి నోట వస్తే మంచి మెప్పే కావచ్చు. ఇటువంటివి పుస్తకం చూసి పూర్తిగా పట్టుకోలేం. ఆ గొంతు, ఆ మనిషి అలవాటు తెలియాలి. మన పల్లెల్లో కూడా భోజనం చేసి ‘బానే ఉంది’ అంటే, అన్నవారెవరో తెలిస్తే తప్ప కూర బాగుందో లేదో తేలదు కదా.

‘కంగ్రాచులేషన్స్’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది పైకీ కిందికీ సమానంగా వెళ్ళే మాట. మీ ప్రిన్సిపాల్‌గారికి అవార్డు వచ్చినా, మీ చెల్లెలికి ర్యాంకు వచ్చినా అదే అనవచ్చు. ఎందుకంటే అందులో తీర్పు లేదు, వారి సంతోషంలో పాలుపంచుకోవడమే ఉంది. ‘కంగ్రాచులేషన్స్ ఆన్ యువర్ సక్సెస్’ అంటాం, ‘థాంక్యూ ఫర్ యువర్ హెల్ప్’ అంటాం. ఒకదానికి ‘ఆన్’, ఇంకోదానికి ‘ఫర్’. చివర ఉన్న ‘ఎస్’ అక్షరాన్ని వదిలేయకండి. పరీక్షకు ముందు చెప్పేది ‘ఆల్ ది బెస్ట్’. ఫలితాల తరువాత చెప్పేది ‘కంగ్రాచులేషన్స్’.

ఇప్పుడు కృతజ్ఞత వైపు మాటలు. ‘గ్రేట్‌ఫుల్’, ‘థాంక్‌ఫుల్’ ఒకటేనా? నిఘంటువు ఒకదానికి ఇంకోదాన్నే అర్థంగా చూపుతుంది. వాడుకలో మాత్రం చిన్న తేడా ఉంది. మేలు చేసిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ‘గ్రేట్‌ఫుల్’ బాగా అతుకుతుంది: ‘ఐ యామ్ గ్రేట్‌ఫుల్ టు మై టీచర్ ఫర్ హిస్ గైడెన్స్.’ మనిషికి ‘టు’, మేలుకు ‘ఫర్’. మేలు చేసిన మనిషి ఫలానా అని లేకుండా, గండం గడిచిందన్న ఊరట ఉన్నచోట ‘థాంక్‌ఫుల్’ ఎక్కువగా వినిపిస్తుంది. బస్సు బోల్తా పడింది, ఎవరికీ దెబ్బలు తగల్లేదు: ‘వి ఆర్ థాంక్‌ఫుల్ దట్ నో వన్ వాజ్ హర్ట్.’ తెలుగులో ఇలాంటిచోట మనం ‘దేవుడి దయవల్ల’ అంటాం. ‘థాంక్’ అనే మాట పుట్టుకలో ‘థింక్’కు దగ్గరి బంధువు. పాత ఇంగ్లీషులో అది తలపు, ఆ తరువాత మంచి తలపు, చివరికి మేలును తలచుకోవడం అయింది. మనం ‘మీ మేలు మరచిపోలేను’ అన్నప్పుడు కూడా చేస్తున్నది తలచుకోవడమే.

‘గ్రేట్‌ఫుల్’ రాసేటప్పుడు చాలామంది గొప్ప అనే అర్థం ఉన్న ‘గ్రేట్’ స్పెల్లింగుతో మొదలుపెడతారు. రెండింటికీ సంబంధం లేదు. ఇది జి, ఆర్, ఏ, టి, ఇ అక్షరాలతో మొదలవుతుంది. ప్రీతికరమైన అనే అర్థమున్న ‘గ్రాటుస్’ అనే లాటిన్ మాట దీనికి తల్లి. ఈ తల్లి బిడ్డలు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఉద్యోగి చేసిన సేవకు గుర్తింపుగా ఇచ్చే సొమ్ము ‘గ్రాట్యుటీ’. 1972లో మన పార్లమెంటు దానికోసం ఒక చట్టమే చేసింది. ప్రమాదం జరిగినప్పుడు పత్రికల్లో ‘ఎక్స్‌గ్రేషియా’ ప్రకటించారని చదువుతారు; చట్టప్రకారం ఇచ్చి తీరవలసినది కాకుండా, దయతో ఇచ్చేదని దాని అర్థం. ‘కంగ్రాచులేట్’ కూడా ఈ ఇంటిదే. కుటుంబంలో ఒక చెడ్డబిడ్డ కూడా ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో లంచానికి వాడిన మాట ‘గ్రాటిఫికేషన్’. 2018లో చట్టాన్ని సవరించినప్పుడు వేరే మాట ముందుకు వచ్చినా, ఆ మాట చట్టం నుంచి పూర్తిగా పోలేదు. కృతజ్ఞత ఎక్కడ ముగుస్తుందో, లంచం ఎక్కడ మొదలవుతుందో అన్న ప్రశ్న భాషలో కూడా అంత దగ్గరగా ఉందన్నమాట!

సెలవు చీటీ చివర ‘ఐ షల్ బి మచ్ ఒబ్లైజ్డ్’ అని రాయడం మనవాళ్ళకు తరతరాల అలవాటు. ‘ఒబ్లైజ్’ అంటే మూలార్థంలో కట్టివేయడం. మీరు చేసిన మేలు నన్ను మీకు కట్టివేసిందని భావం. ‘ఇన్‌డెటెడ్’ అంటే అప్పుపడ్డానని. మనం ‘మీకు ఋణపడి ఉంటాను’ అనేదానికి సరిగ్గా సరిపోతుంది. రెండూ బరువైన మాటలే. పరిశోధన గ్రంథం ముందుమాటలో మార్గదర్శకులకు ‘ఐ యామ్ డీప్లీ ఇన్‌డెటెడ్ టు...’ అని రాస్తే నిండుగా ఉంటుంది. పెన్ను అరువిచ్చిన మిత్రుడితో అంటే వేళాకోళంలా ఉంటుంది. ఇంకొకటి గమనించండి. ‘ఐ యామ్ ఒబ్లైజ్డ్ టు యూ’ అంటే కృతజ్ఞుణ్ణి. ‘ఐ యామ్ ఒబ్లైజ్డ్ టు గో’ అంటే వెళ్ళక తప్పదు. ‘టు’ తరువాత మనిషి వచ్చాడా, క్రియ వచ్చిందా అన్నదాన్నిబట్టి అర్థం మారిపోతుంది. మామూలు అభ్యర్థనకు ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ గ్రాంట్ మి లీవ్’ అంటే చాలు. ఇక్కడ ‘ఇట్’ అక్కరలేదు.

ఆ సెలవు దొరికిందనుకోండి. ‘ది ప్రిన్సిపల్ అప్రూవ్డ్ మై లీవ్’ అంటాం. ఇది అధికారికమైన ఆమోదం, సంతకంతో అయిపోయేది. దీనికి ‘ఆఫ్’ చేర్చగానే కథ మారుతుంది. ‘మై ఫాదర్ డజ్ నాట్ అప్రూవ్ ఆఫ్ మై ఫ్రెండ్స్’ అంటే, నా స్నేహితులంటే నాన్నకు సరిపడదు అని. అక్కడ సంతకం లేదు, మనసు ఉంది. ఒక అధికారి తనకు నచ్చని పథకం మీద కూడా పై ఆదేశాల వల్ల సంతకం పెట్టవచ్చు. అప్పుడు ఆయన దాన్ని ‘అప్రూవ్’ చేశాడు గాని, దాన్ని ‘అప్రూవ్ ఆఫ్’ చేయలేదు. మన నోటిలో ‘అప్రూవల్ వచ్చింది’ అనే మాట నలిగిపోవడం వల్ల ఈ రెండో అర్థం మనకు తట్టదు.

‘శాంక్షన్’ ఇంకా విచిత్రమైనది. బ్యాంకులో లోను శాంక్షన్ అయిందంటే అందరికీ సంతోషమే. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షల తరువాత అమెరికా మన దేశం మీద ‘శాంక్షన్స్’ విధించింది. అవి ఆంక్షలు. ఒకే మాటకు మంజూరు, శిక్ష అనే ఎదురుబొదురు అర్థాలు! ‘ది గవర్నమెంట్ శాంక్షన్డ్ ది ప్రాజెక్ట్’ అంటే అనుమతి ఇచ్చింది. ‘శాంక్షన్స్ ఎగెయినెస్ట్’ అనో ‘శాంక్షన్స్ ఆన్’ అనో కనిపిస్తే శిక్ష. బిల్లుకు రాష్ట్రపతి ఇచ్చేది ‘అసెంట్’. ఆపరేషనుకు ముందు రోగి దగ్గర తీసుకునేది ‘కన్సెంట్’. వీటిని ఒకదాని స్థానంలో ఒకటి పెట్టకూడదు.

ఇక రోజువారీ ‘థాంక్యూ’. మనకు దానితో ఒక మొహమాటం ఉంది. అన్నం పెట్టిన అమ్మకు ‘ధన్యవాదాలు’ అంటే ఆవిడ, ‘ఏంట్రా, ఒంట్లో బాగానే ఉందా?’ అంటుంది. తెలుగులో కృతజ్ఞత వేరే దారుల్లో నడుస్తుంది. దాహానికి మంచినీళ్ళిస్తే ముసలమ్మ ‘నీ కడుపు చల్లగుండ’ అంటుంది. ఆఫీసులో పని చేసిపెట్టిన గుమాస్తాను ‘పుణ్యం కట్టుకున్నారండీ’ అంటాం. ఇదంతా చూసి తెలుగువాళ్ళకు మర్యాద తెలియదని తేల్చేవాళ్ళున్నారు. వారి మాట నమ్మకండి. అయిదు ఖండాలకు చెందిన ఎనిమిది భాషల్లో ఇంటా బయటా జరిగే మామూలు సంభాషణలను రికార్డు చేసి చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. చిన్న సాయం అందినప్పుడు మాటల్లో కృతజ్ఞత చెప్పడం సగటున ఇరవైసార్లలో ఒకసారి మాత్రమే జరిగింది. ఇంగ్లీషువారు కాస్త ఎక్కువ, ఏడింట ఒకసారి. అంటే వారు కూడా ఇంట్లో ప్రతి చెంచాకూ థాంక్యూ చెప్పుకోవడం లేదు. అయితే అంగడిలో, బస్సులో, కార్యాలయంలో, అంటే పరాయివారి మధ్య, ఇంగ్లీషులో ఆ మాట మానేస్తే మొరటుగా కనిపిస్తుంది. మనం నేర్చుకోవలసింది ఆ చోట్లను.

‘థాంక్యూ’, ‘థాంక్స్’ రెండింట్లో రెండోది చనువు మాట; ప్రొఫెసరుకు రాసే ఉత్తరంలో మొదటిదే రాయండి. ‘టీ తీసుకుంటారా?’ అన్నదానికి వద్దనుకుంటే ‘నో, థాంక్యూ’ అనండి, కావాలంటే ‘ఎస్, ప్లీజ్’ అనండి. తల ఊపి ఊరికే ‘థాంక్యూ’ అంటే కావాలనుకుని తెచ్చి ముందు పెడతారు. ‘థాంక్స్ టు’ అనే పదబంధానికి తెలుగులో అద్దినట్లు సరిపోయే మాట ఉంది, ‘పుణ్యమా అని’. ‘థాంక్స్ టు మై టీచర్, ఐ పాస్డ్’ అంటే మా మాస్టారి పుణ్యమా అని పాసయ్యాను. ‘థాంక్స్ టు ది పవర్ కట్, ఐ కుడ్ నాట్ స్టడీ’ అంటే కరెంటు కోత పుణ్యమా అని చదవలేకపోయాను. వ్యంగ్యం కూడా రెండు భాషల్లో ఒక్కలాగే పలుకుతుంది.

ఉత్తరం చివర ‘థాంకింగ్ యూ’ అని ఒక పంక్తిలో వేలాడదీయడం మనకు అలవాటు. పూర్వం అది ‘థాంకింగ్ యూ, ఐ రిమెయిన్, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అనే పూర్తి వాక్యం. మధ్యలో ‘ఐ రిమెయిన్’ రాలిపోయి మొండెం మిగిలింది. తప్పని అనలేం గాని పాతబడింది. ‘థాంక్యూ ఫర్ యువర్ టైమ్’ అని పూర్తిగా రాస్తే సూటిగా ఉంటుంది. అడిగిన పని ఇంకా చేయకముందే ‘థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్’ అనడం నాకు నచ్చదు. చేసి తీరవలసిందేనని అవతలివారిని మొహమాట పెట్టినట్లుంటుంది.

థాంక్యూ అన్నవారికి ఏమని జవాబివ్వాలి? ‘మెన్షన్ నాట్’ అని ఎక్కువగా మన వైపే వినపడుతుంది. ‘డోంట్ మెన్షన్ ఇట్’ అన్నదాన్ని మనవాళ్ళు తిరగేసి చేసుకున్నది. ‘దానిదేముందండీ’ అనే భావానికి ‘నాట్ ఎటాల్’ బాగుంటుంది. ‘యు ఆర్ వెల్‌కమ్’ ఎక్కడైనా చెల్లుతుంది. ‘ఇట్స్ ఓకే’ ‘సారీ’కి జవాబు తప్ప ‘థాంక్యూ’కు కాదు.

మెచ్చుకున్నవారికి ఇచ్చే జవాబులో మాత్రం మనం తరచుగా దెబ్బ తింటాం. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి, ‘యువర్ ప్రాజెక్ట్ ఈజ్ ఇంప్రెసివ్’ అన్నాడు. మన కుర్రవాడు సంస్కారవంతుడు కాబట్టి, ‘నో నో, సర్, ఇట్ ఈజ్ నథింగ్’ అన్నాడు. తెలుగులో ‘అబ్బే, ఏముందండీ, అంతా మీ ఆశీర్వాదం’ అంటే అందంగా ఉంటుంది. ఇంగ్లీషులో అదే మాట, మీరు కట్టిన విలువ తప్పు అని అవతలివారికి చెప్పినట్లవుతుంది. పైగా ప్రాజెక్టులో నిజంగానే ఏమీ లేదేమో అనే అనుమానం పుడుతుంది. అక్కడ అనవలసింది చిన్న మాట: ‘థాంక్యూ, సర్. ఐ యామ్ గ్లాడ్ యు లైక్డ్ ఇట్.’ సాయం చేసినవారు వేరే ఉంటే వెంటనే, ‘మై క్లాస్‌మేట్స్ హెల్ప్డ్ మి విత్ ది సర్వే’ అని కలపండి.